మా మేడం దినాలకు ఎందరికి వండాలి

విశ్వవిద్యాలయంలో మాకు గణాంకశాస్త్రం బోధించిన మేడం ఇటీవల కన్నుమూశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. వార్త మొదట మా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో, ఒక పుట్టినరోజు శుభాకాంక్షకూ ఒక ఫ్లాటు అమ్మకం ప్రకటనకూ మధ్య వెలువడింది. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు వరుసగా చేరసాగాయి.

చదివినప్పుడు నాకు మొదట కలిగినది దుఃఖం కాదు, భయం. ఒకే ఒక్క ఆధారం మీద నిర్ణయానికి రావద్దన్నది మేడం చెప్పిన మొదటి నియమం. ఆ నియమానికి లోబడి ముగ్గురు సహాధ్యాయులకు ఫోన్ చేశాను. ముగ్గురూ వార్తను ధ్రువీకరించారు. మీకెలా తెలిసిందని అడిగితే ముగ్గురూ అదే గ్రూపు పేరు చెప్పారు. ఒకే చోట విన్న మాటను ముగ్గురు పలికినా అది మూడు సాక్ష్యాలు కాదు, ఒక్కటే అన్నది ఆమె రెండో నియమం. అందువల్ల ఆ ఉదయం కొంతసేపు, నిబంధనల ప్రకారం, మేడం జీవించే ఉన్నారు. ఆ వెసులుబాటులో నేను టీ పెట్టుకున్నాను, తాగలేదు. అంతలో తొర్రూరు నుంచి మేడం తమ్ముడు ఫోన్ చేశారు. బ్యాంకు యాప్‌తోనో గ్యాస్ బుకింగుతోనో పేచీ వచ్చినప్పుడల్లా మేడం నన్నే పిలిచేవారు కనుక ఆమె ఫోనులో నా నంబరు పై వరుసలో ఉంటుంది.

"బిడ్డా, అక్క పోయింది," అన్నారాయన. "నిద్రలనే పోయింది. ఎవ్వలకు తక్లీఫ్ ఇయ్యలే."

ఇది స్వతంత్ర ఆధారం. వాదనకు ఇక తావు లేకపోయింది.

ఈ రచన ఆమె సేవలను కీర్తించడానికి ఉద్దేశించినది కాదు. కీర్తన ఆమెకు గిట్టేది కాదు. పదవీ విరమణ సభలో ఒక వక్త "మేడం వేలాది మందిని తీర్చిదిద్దారు" అని సెలవిచ్చినప్పుడు, మెడలో పూలదండ ఉండగానే ఆమె మైకు లేకుండా అడిగారు: "వేలాది అంటే ఎవలు సార్? చేరినోళ్లా, పాసైనోళ్లా?" వక్త తన చేతిలోని కాగితాన్ని తిప్పి చూసుకున్నారు. రెండో వైపు ఏమీ రాసి లేదు. చప్పట్లు కొట్టవలసిన చోటు ఇదేనా కాదా అన్న సందేహంలో సభ కాసేపు ఆగిపోయింది. ఆ సభను మేడం తరువాత "నా జీవితంల అందరు ఆలోచించిన ఒకే ఒక్క మీటింగు" అని వర్ణించేవారు.

మా పాఠ్యప్రణాళికలో ఆమె సబ్జెక్టు పేరు 'వ్యాపార నిర్ణయాలకు గణాంకశాస్త్ర పరిచయం'. పరిచయం అన్న మాటను మాలో ఎవరమూ నమ్మలేదు. ఎంబీఏలో చేరిన చాలామందికి లెక్కలతో సంబంధం పదో తరగతిలోనే తెగిపోయింది. నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివి వచ్చినదాన్ని. పద్యంలో అలంకారాన్ని గుర్తుపట్టగలను గాని పట్టికలో విచలనాన్ని కాదు. సీనియర్లు హాస్టల్ మెట్ల మీద మమ్మల్ని నిలబెట్టి ధైర్యం చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. మీరొక్కలే కాదు, అందరు ఫెయిలైతరు."

మొదటి రోజు మేడం గంజి పెట్టిన నూలు చీరలో వచ్చి, హాజరు తీసుకోకుండానే ప్రశ్న వేశారు.

"నా సబ్జెక్టంటే ఎవలకు భయం?"

ఎవరమూ చెయ్యెత్తలేదు. భయపడేవాళ్లం భయపడుతున్నామని ఒప్పుకోవడానికి భయపడ్డాము.

"ఎవ్వలకు లేదా? అయితే నేను పోత. భయం లేనోళ్లకు ఈ సబ్జెక్టుతోటి పనిలేదు." చాక్‌పీసు, హాజరు పుస్తకం తీసుకొని ఆమె నిజంగానే తలుపు దాకా నడిచారు.

చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. "మేడం, నాకు జర ఉన్నది."

"జర అంటే ఎంత?"

అబ్బాయి కొంచెం ఆలోచించాడు. "కడుపుల నొప్పి లేస్తాంది మేడం."

"గదే కొలత," అన్నారు మేడం వెనక్కి వచ్చి. "కూసో. ఇగ పాఠం సురువు చేద్దాం."

ఆమె పాఠం నల్లబల్లకు నిలువునా గీసిన ఒక గీతతో మొదలయ్యేది. గీతకు ఎడమవైపు ఒక తప్పు, కుడివైపు ఇంకో తప్పు. "మన గేటు కాడ వాచ్‌మన్ ఉన్నడు. మనోణ్ని దొంగనుకొని ఆపుతడు, అది ఒక తప్పు. దొంగను మనోడనుకొని ఇడుస్తడు, అది ఇంకో తప్పు. ఈ రెండిట్ల ఒక్కటి కూడ చెయ్యని వాచ్‌మన్ ఇంకా పుట్టలే. ఏ తప్పుకు ఎక్కువ భయపడాల్నో ముందుగల్ల చెప్పుండ్రి. లెక్క తర్వాత."

"మా వాచ్‌మన్ నిద్ర పోతడు మేడం," అన్నాడు మరొకడు.

"అయితే ఆయనకు ఏ భయం లేదన్నట్టు. గందుకే ఆయనకు డేటా అవసరం లేదు."

మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. ఆ తరువాత ఆ ఏడాదంతా ఏ సమస్య ఇచ్చినా, బల్బుల కంపెనీ కానీయండి, మందుల కంపెనీ కానీయండి, ఏ తప్పుకు ఎక్కువ భయపడుతున్నామో నిలబడి ప్రకటించనిదే సూత్రం రాయనిచ్చేవారు కాదు. ఇతర విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు సూత్రంతో ప్రారంభిస్తారని విన్నాను. మేము భయంతో ప్రారంభించాము. "రెండూ భయమే మేడం" అని ఒకమ్మాయి ఏడుపు గొంతుతో అన్నప్పుడు ఆమె సమాధానం ఇది: "అట్లనే ఉంటది. ఇగ పెద్ద భయం ఏదో తేల్చు. చిన్నదాన్ని ఎట్లనన్న భరిస్తం."

ఆమె అలవాట్లలో రెండింటిని నమోదు చేయవలసి ఉంది. ప్రశ్న వేశాక ఆమె మా వైపు వీపు తిప్పి కిటికీ బయటికి చూస్తూ నిలబడేవారు. కోపమని మొదట్లో అనుకున్నాము. "ఆలోచించేటోళ్ల మొహం చూడొద్దు, అది చాటు పని," అని ఒకసారి ఆమే చెప్పారు. రెండోది, జవాబు పత్రాలలో ఒప్పులకు పెన్నూ, తప్పులకు పెన్సిలూ వాడేవారు. పరీక్షల విభాగం దీనిపై వివరణ కోరిందని, ఆమె "తప్పులు మారుతయి" అని ఒక్క వాక్యంలో సమాధానం పంపారని వినికిడి. ఆ ఫైలు తరువాత ఏమైందో తెలియరాలేదు.

రెండో సెమిస్టరులో ఆమె ప్రతి ఒక్కరినీ ఇంటి నుంచి ఒక నిర్ణయాన్ని తెమ్మన్నారు. కంపెనీలది కాదు, ఇంట్లో నిజంగా తీసుకోవలసినది, తప్పితే ఇంటివాళ్లకు దెబ్బ తగిలేది. కడుపునొప్పి అబ్బాయి తమ పత్తిని ఇప్పుడే అమ్మాలా, ధర కోసం ఆపాలా అన్నది తెచ్చాడు. ఒకమ్మాయి తన తల్లికి ఆపరేషను ఇప్పుడు చేయించాలా, ఆగాలా అన్నది తెచ్చి చదవలేక కూర్చుండిపోయింది. తరువాత నా వంతు వచ్చింది. మా అబ్బ, అంటే నాన్న, వరంగల్‌లో దావత్‌లకు, పెళ్లి విందులకు వండే వంట మాస్టర్. మా ఇంట్లో తీసుకునే నిర్ణయం ఒక్కటే: ఎంతమందికి వండాలి.

"బిర్యానీ స్టాటిస్టిక్స్!" అన్నారెవరో వెనక నుంచి. తరగతి విరగబడి నవ్వింది.

మేడం చాక్‌పీసు అందుకొని బల్ల మీద గీత గీశారు. "చెప్పు. మిగిలితే ఏమైతది?"

"విందు ఇచ్చే పార్టీవాళ్లు తిడతారు మేడం."

"తక్కువైతే?"

నేను చెప్పాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో రఘునాథపల్లిలో ఒక వలీమాకు, అంటే పెళ్లి తరువాత పెళ్లికొడుకు ఇంట ఇచ్చే విందుకు, అబ్బతో వెళ్లాను. పెళ్లికొడుకు తండ్రి చెప్పిన లెక్కకు మించి జనం వచ్చారు. ఆఖరి వరుసలో ఒక పెద్దాయన ఖాళీ విస్తరి ముందు చాలాసేపు కూర్చున్నాడు. తరువాత గ్లాసెడు నీళ్లు తాగి, విస్తరిని మడిచి, ఒక్క మాట అనకుండా లేచి వెళ్లాడు. తిట్టి ఉంటే అబ్బ మరిచిపోయేవారు. ఆ తరువాత ఏ దావత్‌కు ముందైనా అబ్బ ఇంట్లో అన్నం ముట్టరు. అమ్మీ అడిగితే కడుపు నిండుగా ఉందంటారు.

మేడం కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఈసారి ప్రశ్నేమీ వేయకుండానే.

ఆ ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చారు. డేటాను దాని సొంత స్థలంలో చూడాలన్నది ఆమె పద్ధతి. అబ్బ పండుగ చొక్కా తొడుక్కొని, ఎవరో తనను పరీక్షకు పిలిచినట్లు గోడకు ఆని నిలబడ్డారు.

"కూసోండ్రి మాస్టర్. ఎంతమందికి వండాల్నో మీకు ఎట్ల ఎరుకైతది?"

"ఎరుక కాదు మేడం. పార్టీవోళ్లు ఒక లెక్క చెప్తరు. దానికి నా భయం కలుపుత."

"మీ భయం ఎంతుంటది?"

"మనిషిని బట్టి మేడం. నవ్వుకుంట చెప్పినోనికి ఎక్కువ కలుపుత."

"తప్పుతదా?"

"మస్తుసార్లు తప్పుతది. మిగిలితే తిట్లు పడుత. తక్కువైతే సచ్చిపోత."

"రాసుకో," అన్నారు మేడం నాతో. ఆ తరువాత గంటకు పైగా కూర్చొని, అబ్బకు గుర్తున్న దావత్‌లన్నింటినీ చెప్పిన లెక్క, వచ్చిన లెక్క అని విడదీయించారు. అబ్బ భయం దూరపు ఊళ్లకు అవసరానికి మించి, దగ్గరి గల్లీలకు అవసరం కంటే తక్కువగా ఉందని తేలింది. దగ్గరివాళ్లు పిల్లలతో వస్తారు. ఆ సంగతి అబ్బకు ఎన్నడూ తట్టలేదు. వెళ్లేటప్పుడు ఆమె గుమ్మంలో చెప్పుల్లో కాళ్లు పెడుతూ అన్న మాట అబ్బ ఇప్పటికీ చెబుతుంటారు: "మాస్టర్, సగటు మనిషి అన్నానికి రాడు. వచ్చేది మనుషులు. ఎవలెవలు వస్తరో అడుగుండ్రి, ఎంతమందని కాదు."

ఆమె పేపరులో నేను అంచు మీద పాసయ్యాను. తప్పినవారి జాబితా పాసైనవారి జాబితా కంటే పొడవుగా ఉండడం ఆ నోటీసు బోర్డుకు కొత్త కాదు. మేము ఊపిరి పీల్చుకొని ముందుకు వెళ్లిపోయాము, పట్టాలు తీసుకున్నాము, గ్రూపు పెట్టుకున్నాము. ఆ గ్రూపుకు అడ్మిన్ నేనే.

ఇప్పుడు దినాల విషయానికి వస్తాను. మేడం పెళ్లి చేసుకోలేదు. దహనం తమ్ముడే చేశారు. దినాలూ తొర్రూరులో తన ఇంటి దగ్గరే చేస్తానన్నారు. వంటకు మా అబ్బనే రమ్మన్నారు. మాట్లాడుకోవడానికి ఆయన వరంగల్ వచ్చి మా వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు. అబ్బ అడగవలసిన ప్రశ్న అడిగారు.

"ఎవలెవలు వస్తరన్నా?"

"ఎవలస్తరు భాయ్? ఆమెకు ఎవలున్నరు? మా కులపోళ్లు, ఊళ్లోళ్లు. ఈ వారం సగం ఊరు మేడారం జాతర మీదనే ఉన్నది. వరంగల్ నుంచి తొర్రూరు దాకా ఎవలస్తరు? ఒక్క దేగ్ సాలు." దావత్ వంట గుండిగను దేగ్ అంటారు. ఆయన నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పు బిడ్డా. అక్క దగ్గర సదివినవ్ గద."

"ఎక్కువ చేస్తే ఏమవుతుంది కాకా?" అని అడిగాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "దినాలల్ల అన్నం మిగిలితే ఏందన్నట్టు? మనిషికి ఎవ్వలు లేరన్నట్టు. ఊరంత చూస్తది. మా అక్క ఎన్నడు ఎవ్వలను ఏం అడగలే. పోయినంక ఆ మాట పడద్దు."

"తక్కువైతే?" అన్నారు అబ్బ మెల్లగా.

నాకు అప్పగించిన పని ఇది: మేడం కోసం ఎందరు వస్తారో మేడం నేర్పిన విద్యతో చెప్పడం. ఇంత భయపెట్టిన ప్రశ్న ఆమె కూడా ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. పద్ధతి ప్రకారం గ్రూపులో ప్రకటన పెట్టాను. వస్తున్నవారు పేరు రాయాలని కోరాను. జోడించిన చేతులు వచ్చాయి. 'మీటింగ్ ఉంది, మనసు అక్కడే' అని వచ్చాయి. పేర్లు మాత్రం ఒక కారుకు సరిపడా వచ్చాయి. మా ముందరి బ్యాచ్, వెనకటి బ్యాచ్ గ్రూపుల అడ్మిన్‌లను అడిగాను. వాళ్ల దగ్గరా అంతే. దూరాన్ని తీసేసి, జాతరను తీసేసి, మొహమాటాన్ని కలిపి నేను చెప్పిన అంకె చాలా చిన్నది. ఒక దేగ్ కూడా ఎక్కువే అనిపించే అంకె.

అబ్బ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. "దీనికి నా భయం కలుపుత," అన్నారు. రెండో దేగ్ కూడా బండికి ఎక్కించారు. కాకాకు చెప్పలేదు.

దినాల రోజు తొర్రూరులో, కాకా ఇంటి ముందు వీధికి అడ్డంగా టెంటు వేశారు. రోడ్డు మలుపు అక్కడి నుంచి కనిపిస్తుంది. మొదటి దేగ్ బగారా అన్నం దిగింది, పక్కన మటన్ ఉడికింది. అబ్బ రెండో దేగ్‌కు సరిపడా బియ్యాన్ని కూడా నానబోశారు. నానిన బియ్యం ఎక్కువసేపు ఆగదని, ఆగితే గింజ విరిగిపోతుందని ఇంట్లో వంట చేసే ఎవరికైనా తెలుసు.

వడ్డనలో ఒకసారి కూర్చునే వరుసను బంతి అంటారు. మొదటి బంతిలో బంధువులు కూర్చున్నారు. మా బ్యాచ్ కారు వచ్చింది. నల్ల కళ్లజోళ్లతో నలుగురు దిగారు. రెండో బంతికి సగం విస్తర్లు ఖాళీ. గాలికి లేచిపోకుండా ఎవరో వాటి మీద నీళ్ల గ్లాసులు పెట్టారు. టెంటు అంచున కూర్చున్న ఒక ముసలామె, కాకాకు దూరపు మేనత్త, పక్కామెతో అందరికీ వినిపించే గుసగుసలో అన్నది:

"ఇన్నేండ్లు పెద్ద కాలేజీల సదువు చెప్పె గదనే. ఒక్క బంతి నిండలేకపాయె. గింతేనా జనం?"

కాకా విన్నారు. ఆయన టెంటు గుంజను పట్టుకొని దాన్ని సరిచేస్తున్నట్లు నిలబడ్డారు. గుంజ సరిగానే ఉంది.

అబ్బ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచారు. "బియ్యం నానినయి బిడ్డా. ఇంకా ఆగితే ఇరుగుతయి. ఎక్కియ్యాల్నా, ఆపాల్నా?"

కాకా గుంజను వదిలి వచ్చారు. రెండో దేగ్‌ను అప్పుడే చూశారు. "ఇదేంది భాయ్? నేను చెప్పిన గద! ఆపుండ్రి. ఉన్నదే మిగిలేటట్టున్నది. మా ఇజ్జత్ తియ్యకుండ్రి జర."

"మా బిడ్డను అడుగుదాం అన్నా," అన్నారు అబ్బ. "లెక్క ఆమెది."

ఇటువంటి సమయాల్లో పోయినవారి గొంతు చెవిలో వినిపిస్తుందని రచయితలు రాస్తుంటారు. నాకేమీ వినిపించలేదు. కట్టెలు చిటపటమన్నాయి, లౌడ్‌స్పీకరు గరగరమన్నది, అంతే. ప్రశ్నను నాకు నేనే వేసుకోవలసి వచ్చింది. నా లెక్క ప్రకారం ఇంకెవరూ రారు. లెక్కలో లోపం ఎక్కడో కనిపించలేదు. కడుపులో నొప్పి లేచింది.

"ఎక్కియ్యి అబ్బా," అన్నాను.

"ఎవలకోసం అమ్మా?" అన్నారు కాకా. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

"తెల్వది కాకా. మిగిలితే మనం సిగ్గుపడుతం. తక్కువైతే ఆమె సిగ్గుపడ్డట్టయితది. రెండోది నేను చూడలేను."

అబ్బ బిస్మిల్లా అని దేగ్‌ను పొయ్యి మీదికి ఎత్తించారు. ఎసరు మరిగి, బియ్యం పడి, మూత మీద నిప్పులు పేర్చేదాకా మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వీధి ఖాళీగా ఉంది. మూతను ఇక దించవలసిన సమయానికి ఒక ఆటో మలుపు తిరిగి టెంటు ముందు ఆగింది. నడివయసు మనిషి ఒకరు దిగి, చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించారు.

"మేడం వాళ్లది ఇదే ఇల్లా అక్కా?"

"ఇదే. మీరు ఏ బ్యాచ్?"

ఆయన నుదురు గోక్కున్నారు. "బ్యాచంటే ఏం చెప్పాలె. మస్తు బ్యాచ్‌లల్ల ఉన్న."

ఆయన విశ్వవిద్యాలయం గేటు ఎదురుగా జిరాక్సు దుకాణం నడుపుతున్నారట. మేడం పేపరును ఎన్నిసార్లు రాశారో ఆయనే మరిచిపోయారు. ఆఖరికి పాసు కాలేదు. ఆయన వెనక ఇంకో ఆటో, ఒక వ్యాను, రెండు బండ్లు. వాటిలోంచి ఒక బస్సు కండక్టరు, చంకలో పాపతో ఒక టైలరు, బీమా పాలసీలు అమ్మే దంపతులు, నా వయసుకు అటూ ఇటూ ఉన్న ఎందరో దిగారు. ఒకరినొకరు "ఏం రా, వచ్చినవా?" "నువ్వు ఇంకా రాస్తాన్నవా?" అని పలకరించుకుంటున్నారు. వారిలో ఒక్కరి పేరూ నా దగ్గర లేదు.

"మీకందరికీ ఎలా తెలిసింది?" అని టైలరును అడిగాను.

"మా గ్రూపుల వచ్చింది అక్కా."

"ఏ గ్రూపు?"

ఆమె ఫోను చూపించింది. తప్పినవారు మళ్లీ రాసే పరీక్షను మా వైపు సప్లీ అంటారు. గ్రూపు పేరు 'మేడం సప్లీ'. అందులో సభ్యుల సంఖ్య నేను కాగితం మీద రాసిచ్చిన అంకెకు ఎన్నో రెట్లు. పాసైనవాళ్లం బ్యాచ్‌ల వారీగా విడిపోయి వేర్వేరు గ్రూపులు పెట్టుకున్నాము. తప్పినవాళ్లంతా, అన్ని ఏళ్ల వాళ్లూ, ఒకే గ్రూపులో ఉన్నారు.

"ఆదివారం ఆదివారం మేడం వసారల సెప్పేది," అన్నాడు కండక్టరు. "చాయ్ పోసేది. నువ్వు ఫెయిలైనవ్ అని ఎన్నడు అనలే. 'నీ నమూనా ఇంక సరిపోలే, ఇంకోపారి రాయి' అనేది."

"నా పెండ్లి శుభలేఖ మీద 'శాంపిల్ సైజ్ ఒకటి, జాగ్రత్త' అని పెన్సిల్‌తోని రాసిచ్చింది," అన్నాడు బీమా ఆయన. ఆయన భార్య ఆయన భుజం మీద ఒక్కటి చరిచి, వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నా అంచనాలోని దోషాన్ని ఇక్కడ అధికారికంగా నమోదు చేస్తున్నాను. నేను లెక్క వేసింది పట్టా పుచ్చుకున్నవారి జాబితాల మీద. మాకు మేడం తెలిసింది ఏడాది పాటు. అందులోనూ సెలవులు తీసేయాలి. ఆమెతో ఎక్కువ కాలం గడిపిన వారెవరూ ఆ జాబితాలలో ఉండే అవకాశమే లేదు. పాసు కావడమంటే ఆమెను విడిచి వెళ్లడమే. చేరినవాళ్లా, పాసైనవాళ్లా అని ఆమె సభలో అడిగినప్పుడు వక్తతో పాటు నేనూ కాగితం తిప్పి చూసుకోవలసింది.

మూడో బంతి నిండింది. నాలుగో బంతికి విస్తర్లు చాలక మేనత్త ఇంట్లోంచి స్టీలు పళ్లేలు తెప్పించింది. "జరుగుండ్రి, జరుగుండ్రి, సదువుకున్నోళ్లు వస్తాన్రు," అంటూ తానే చోటు చేసింది. కాకా తువ్వాలును నడుముకు చుట్టి వడ్డనకు దిగారు. ఒక్కొక్కరి ముందూ ఆగి, మీరు అక్క దగ్గర ఎన్నేండ్లు సదివిన్రు అని అడుగుతున్నారు. వాళ్లు చెప్పే జవాబుకు ఆయన ముఖం వెలుగుతోంది. తరగతిలో ఆ జవాబుకు ఎవరి ముఖమూ వెలిగేది కాదు.

రెండో దేగ్ సగానికి వచ్చింది. తరువాత సగం కంటే కిందికి వెళ్లింది. అబ్బ దానిలోకి తొంగి చూడడం మానేసి, చేతి బరువుతోనే అంచనా వేయసాగారు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగలేదు. కాకా పళ్లెంతో పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"భాయ్, ఇంకో దేగ్ ఉన్నదా?"

"రెండే తెచ్చిన అన్నా."

"మరి జర చూసుకుంట పెట్టుమను."

"మేడం పేరు మీద చూసుకుంట పెట్టను," అన్నారు అబ్బ. గరిటె నిండా తీసి ఆయన పళ్లెంలో కుమ్మరించారు.

నేను మలుపు దగ్గరికి నడిచాను. వెనక దేగ్ అడుగును గరిటె గీరిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే మాటలు, పిల్లల ఏడుపు, "ఇక్కడ కూర" అన్న కేకలు అన్నీ దాన్ని కప్పేశాయి. వరంగల్ నుంచి వచ్చే బస్సు మలుపులో వేగం తగ్గించింది. కిటికీల నిండా తలలు ఉన్నాయి; అవి తొర్రూరు సంతకు వచ్చేవాళ్లవో, మా వాళ్లవో ఇక్కడి నుంచి తెలియదు. తలుపు దగ్గర ఒకామె అప్పటికే కింది మెట్టు మీదికి దిగి, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, టెంటు వైపు చూపిస్తూ ఆ బస్సు కండక్టరును ఏదో అడుగుతోంది. బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు.